నేలమీద ఎంతసేపు

మా మేనత్త పోయిందని నాన్న ఫోన్ చేసినప్పుడు నేను బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా ఆఫీసు క్యాంటీన్‌లో ఉన్నాను. నాన్న ఏడవలేదు. "అక్క పొయ్యిందమ్మా. పొద్దు గూకేలోగా తీస్తారంట. బిరీన రా" అన్నాడు.

అత్త ఉండే చందాపుర వేరే దేశమేమీ కాదు. హోసూరు రోడ్డు పట్టుకుని తిన్నగా పోతే వస్తుంది. కానీ ఆ రోడ్డు మీద తిన్నగా పోవడమన్నది మాటల్లోనే ఉంటుంది. క్యాబ్ పిలిస్తే ఒకడు వస్తానని రాలేదు. రెండోవాడు వచ్చి, ఊరిపేరు విని, అంత దూరం రానని వెళ్ళిపోయాడు. మూడోవాణ్ణి బతిమాలి ఎక్కాను. బొమ్మసంద్ర చేరేసరికి ఫ్యాక్టరీల్లో షిఫ్టు వదిలారు. కంపెనీ బస్సులు ఒకదాని వెనక ఒకటి రోడ్డు మీదికి వచ్చి నిలబడిపోయాయి. నేను ఇంటి ముందు దిగేసరికి పాడె కట్టడం అయిపోయింది. ముఖం చూసుకునే వ్యవధి మాత్రం దొరికింది.

అప్పుడే సూరత్ నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. "నాకోసం ఆపొద్దని నాన్నకు చెప్పక్కా. నేనిప్పుడు బయల్దేరినా రేపటికి గానీ చేరను. నువ్వు ఉండావు గదా" అంది.

వచ్చినవాళ్ళంతా ఒకటే మాట చెప్పుకుంటున్నారు, ఎన్ని పెళ్ళిళ్ళు చేయించింది మహాతల్లి అని. ఎన్ని చెడగొట్టిందో ఎవరూ అనలేదు. చావింట్లో అనరు. ఆ సంగతి నేను చెబుతాను.

మా తాతలు నేతపని మీద వచ్చి బెంగళూరు పాతపేటలో స్థిరపడ్డ తెలుగువాళ్ళు. మగ్గాలు మూలపడ్డాక నాన్న బొమ్మసంద్రలో పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో చేరాడు. కాపురం చందాపురకు మారింది. నాన్నకంటే ముందే అత్త, ఆమె భర్త ఆ ఊళ్ళో ఇల్లు కట్టుకున్నారు. మావాళ్ళు హిందూపురం, ధర్మవరం మొదలుకుని షోలాపూరు, సూరత్ దాకా చెదిరిపోయి ఉన్నారు. ఎవరింట్లో పిల్ల పెళ్ళికి ఎదిగినా మొదటి ఫోను మా అత్తకే వచ్చేది. ఆమె ఫోన్‌ను చెవికి ఆనించేది కాదు. స్పీకర్ పెట్టి, రొట్టెముక్క కొరకబోతున్నట్టు నోటికి అడ్డంగా పట్టుకుని మాట్లాడేది. వీధిలో సగం మందికి సంబంధాల వివరాలు ఆ విధంగానే తెలిసేవి.

పెళ్ళికొడుకు ఫోటో పంపిస్తామంటే వద్దనేది. "మొగంలో ఏముండాదప్పా. పదేండ్లు పోతే అందురిదీ అదే మొగం." చదువు వినేది, ఉద్యోగం వినేది, జాతకం చెబితే తల ఊపేది. అంతా అయ్యాక, చేతిలో కాఫీ లోటా చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, ఎడమకన్ను కొంచెం మూసి అసలు ప్రశ్న వేసేది. "ఊరెంత దూరం?"

ఎవరైనా కిలోమీటర్లలో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టేది. "కిలోమీటర్లు నాకేల? ఎంతసేపు పడతాది, అది చెప్పు."

విమానాలు మావాళ్ళకు అందుబాటులోకి వచ్చాక ఈ ప్రశ్నకు అందరూ ఒకే రకం జవాబు నేర్చుకున్నారు. ఒకసారి హైదరాబాదు నుంచి ఒక పెళ్ళికొడుకు తండ్రి వచ్చాడు. మనిషి హుందాగా ఉన్నాడు. కొడుకు పెద్ద కంపెనీలో పనిచేస్తున్నాడు. ఆయన కాలు మీద కాలేసుకుని, "దూరమేముందమ్మా, ఫ్లైట్‌లో గంటా పది నిమిషాలు. మీ సిల్క్‌బోర్డు ట్రాఫిక్ దాటేలోగా మా ఊళ్ళో దిగొచ్చు" అన్నాడు.

"అది గాల్లో," అంది అత్త. "నేలమీద ఎంతసేపు?"

ఆయనకు అర్థం కాలేదు. అత్త కుడిచెయ్యి చాపి వేళ్ళు ఒక్కొక్కటే మడవసాగింది. "ఇంటినుంచి ఏర్‌పోర్ట్ ఒకటి. ఆడ వరసలో నిలబడేది ఒకటి. అది ఎగిరేది ఒకటి. దిగినాక పెట్టెల కోసరం కాచుకునేది ఒకటి. ఆడినుంచి మీ ఇల్లు ఒకటి. అయిదు వేళ్ళూ మూసుకుపాయె. ఇంగ ఆ పిల్ల ముద్ద యాటితో తినాల?"

ఆయన నవ్వాడు, ఆమె కూడా నవ్వుతుందేమోనని. ఆమె నవ్వలేదు. ఆ సంబంధం అంతటితో సరి.

ఆమెకు ఒక నియమం ఉండేది. పొద్దున తిండి తిని బయల్దేరిన పిల్ల మధ్యాహ్నం ఊటకు పుట్టింట్లో ఉండాలి. తిండి అంటే టిఫిను, ఊట అంటే భోజనం. ఆ మాటలు మేం కన్నడం నుంచి ఎప్పుడో తెచ్చుకున్నాం, ఎవరమూ తిరిగి ఇవ్వలేదు. ఆ రెంటికీ మధ్య పట్టే ఊరైతేనే ఆమె ఒప్పుకునేది. హిందూపురానికి పాసింజరు రైల్లో పోవడం మంచిదే. అదే సమయంలో చేరిపోయే హైదరాబాదు మాత్రం పనికిరాదు. రెండూ ఒకటే కదా అని అడిగితే, "రైలైతే ఎక్కేది, దిగేది, అంతే" అనేది. ఆ మాటకు ఎదురు చెప్పడం ఎవరి వల్లా కాలేదు. అందులో తర్కం ఉంటే కదా ఎదురు చెప్పడానికి.

ఇలాంటి మనిషిని గురించి చెబుతున్నప్పుడు వినేవాళ్ళు ఒక దుఃఖం కోసం ఎదురుచూస్తారు. దూరాన ఇచ్చిన కూతురెవరో కష్టంలో ఉంటే ఈమె సమయానికి చేరలేకపోయిందేమో అనుకుంటారు. మా ఆఫీసులో ఒకావిడ నన్నదే అడిగింది కూడా. అలాంటిదేమీ లేదు. ఆమెకు ఒక్కతే కూతురు. రెండు వీధుల అవతలే ఇచ్చింది. తల్లీకూతుళ్ళు రోజూ చూసుకునేవాళ్ళు, రోజూ పోట్లాడుకునేవాళ్ళు. కూతురింట్లో చారు పలచగా ఉందని అత్త అనేది. ఆ మాట సాయంత్రానికి కూతురి అత్తగారి చెవిన పడేది. మర్నాడు మళ్ళీ ఇద్దరూ గుమ్మంలో కూర్చుని ఆకుకూర ఒలుచుకునేవాళ్ళు. ఆమె దృష్టిలో సుఖమంటే అదే. ఆ సుఖం ఆడపిల్లలందరికీ పంచాలని ఆమె పట్టుదల.

నా పెళ్ళి కూడా ఆ లెక్కలోనే కుదిరింది. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ అనగానే "రెండు వేళ్ళు మడిస్తే చాలప్పా, మిగతా మూడు నీకే" అని నాన్నతో అంది. మా ఆయన మంచివాడు. ఆ విషయంలో ఫిర్యాదేమీ లేదు.

నా పెళ్ళయిన కొన్నేళ్ళకు చెల్లెలి సంగతి వచ్చింది.

చెల్లెలు బొమ్మసంద్రలో ఒక మందుల కంపెనీలో నాణ్యత పరీక్షించే ల్యాబ్‌లో పనిచేసేది. సూరత్ అబ్బాయి సంబంధం మావాళ్ళ వాట్సప్ గుంపు ద్వారా వచ్చింది. వాళ్ళు మూడు తరాల కిందట మగ్గం పని మీద వెళ్ళి అక్కడే ఉండిపోయిన తెలుగువాళ్ళు. అబ్బాయి బట్టల మిల్లులో డిజైన్లు చూస్తాడు. చెల్లెలు, అతను కొన్నాళ్ళు ఫోన్‌లో మాట్లాడుకున్నారు. అతనేదో పని మీద బెంగళూరు వస్తే ఒకసారి కలుసుకున్నారు. ఇంటికి వచ్చి చెల్లెలు, "నాకిష్టమే" అంది. అది ఎప్పుడూ దేన్నీ అలా తేల్చి చెప్పే పిల్ల కాదు.

నాన్న సంతోషించాడు. తర్వాత అక్క గుర్తొచ్చి దిగులుపడ్డాడు. అప్పటికి ఆయన స్కూటర్ మీద నుంచి పడి కాలికి పిండికట్టుతో ఉన్నాడు. "నేను పొయ్యేదానికి కాదు. అక్క పోయి చూసొస్తే చాలు. అక్క ఏమంటే అదే" అన్నాడు. అత్తకు తోడు నేను.

నేను పంతం మీద ఉన్నాను. రెండు ఊళ్ళకూ నడుమ గాలిలో సుమారు వెయ్యి కిలోమీటర్లు. మధ్యలో ఎక్కడా ఆగని విమానం, రెండు గంటలు కూడా పట్టదు. ఈసారి ఆమెను తీసుకుపోయి చూపిస్తాను, ఇంత దగ్గరే అని ఆమె నోటితోనే అనిపిస్తాను అనుకున్నాను. జీవితంలో ఇంత తెలివితక్కువ పని ఇంకొకటి చేసి ఉండను.

వెలుగు రాగానే చందాపుర నుంచి బయల్దేరాం. బెంగళూరుకు దక్షిణపు చివర మా ఊరు, ఉత్తరపు చివర ఏర్‌పోర్ట్. ఊరు ఊరంతా దాటాలి. సిల్క్‌బోర్డు దగ్గర ఆగాం. హెబ్బాళ దగ్గర మళ్ళీ ఆగాం. అత్త కిటికీలోంచి బయటికే చూస్తోంది. హెబ్బాళ దాటాక ఆమె బొటనవేలు అరచేతిలోకి మడిచి ఉండటం నా కంట్లో పడింది.

ఏర్‌పోర్ట్‌లో తనిఖీ దగ్గర ఆమె సంచిలోని నీళ్ళ సీసా తీసెయ్యమన్నారు. ఆమె సీసా ఆ పోలీసు చేతికే ఇచ్చి, "కుడిదు నోడప్పా, నీరే" అని కన్నడంలో అంది. తాగి చూడు నాయనా, నీళ్ళే. అతను తాగలేదు, తీసి పక్కన పెట్టాడు. ఆమె చాలాసేపు ఆ సీసా వైపే చూసింది.

లోపలికి వెళ్ళేసరికి అసలు సంగతి తెలిసింది. ఏర్‌పోర్ట్ ఉన్న దేవనహళ్ళి మీద మంచు కమ్ముకుంది. పొద్దుటి విమానాలేవీ లేవలేదు. మాది ఎప్పుడని అడిగితే ఇంకాసేపట్లో అన్నారు. కాసేపయ్యాక అడిగితే మళ్ళీ ఇంకాసేపట్లో అన్నారు. నేను కౌంటర్‌కూ కుర్చీకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. అత్త కాళ్ళు పైకి పెట్టి కూర్చుని, డబ్బా విప్పి చిత్రాన్నం తింది. పక్కనున్న కుర్రజంటకూ పెట్టింది. వాళ్ళది ఏ ఊరో, పుట్టిల్లు ఎంత దూరమో అడిగి తెలుసుకుంది. చూస్తే రెండో వేలు కూడా మడిచింది.

"అత్తా, ఆ వేళ్ళు సొల్పు తెరువు," అన్నాను. సొల్పు అంటే కొంచెం, అదీ కన్నడం నుంచి తెచ్చుకున్నదే.

"నేనేమంటినే. నా వేళ్ళు నేను మడుచుకుంటి."

"మంచు రోజూ ఉండదు."

"నేను ఉంటాదంటినా?"

విమానం లేచాక ఆమె కిటికీకి ముక్కు ఆనించి కూర్చుంది. భయపడుతుందేమో అనుకున్నాను, లేదు. మబ్బుల్లోంచి బయటపడ్డాక కింద నేల బూడిదరంగులో, గీతలుగీతలుగా కనిపించింది. చాలాసేపు చూసి నావైపు తిరిగి, "దారేదీ కనపళ్ళేదే పాపా. దారి కనపడకపోతే పిల్ల ఎట్ల వస్తాది?" అంది. హాస్యమాడటం లేదు. నిజంగానే అడుగుతోంది. నేను కళ్ళు మూసుకుని నిద్ర నటించాను.

సూరత్‌లో దిగేసరికి పొద్దు వాలుతోంది. అబ్బాయి అప్పటిదాకా బయటే నిలబడి ఉన్నాడు. అత్త కాళ్ళకు దణ్ణం పెట్టి సంచి అందుకున్నాడు. వాళ్ళ ఇల్లు మరమగ్గాలు నడిచే పేటలో ఉంది. ఇంట్లో అడుగు పెట్టగానే నేలలోంచి సన్నటి అదురు కాళ్ళకు తెలిసింది. అత్త గోడకు అరచెయ్యి ఆనించి అలాగే నిలబడింది. చిన్నప్పుడు పాతపేట ఇంట్లో గోడలు ఇలాగే అదిరేవని అబ్బాయి తల్లికి చెప్పింది. ఆమె ముఖం అంత విప్పారడం నేను అరుదుగా చూశాను.

అబ్బాయి తల్లి మాట తెలంగాణ మాట, మధ్యమధ్య గుజరాతీ. "ఏం తింటలేరు అత్తమ్మా, మంచిగ తినుండ్రి" అని కొసరి కొసరి వడ్డించింది. అత్త తిన్నది. తిన్నాక అబ్బాయిని దగ్గర కూర్చోబెట్టుకుని ఒకటే ప్రశ్న అడిగింది. "చారు పెట్టేది వస్తాదా నీకు?"

"వస్తదమ్మమ్మా. మా అమ్మ తింటది. నాన్న ముట్టడు," అన్నాడు అతను.

అత్త పకపకా నవ్వింది. అయిపోయింది, ఒప్పేసుకున్నట్టే అనుకున్నాను. ఆ రాత్రి వాళ్ళింట్లో హాయిగా పడుకున్నాను.

మర్నాడు తిరుగు ప్రయాణంలో విమానం వేళకే లేచింది, వేళకే దిగింది. హెబ్బాళ దగ్గర మా క్యాబ్ మళ్ళీ ఆగింది. నేను ఉండబట్టలేక, "ఏమంటావత్తా?" అన్నాను.

"పిల్లోడు బంగారం. వాళ్ళమ్మ అంతకంటే బంగారం. వద్దు."

నేను సీట్లో ఆమె వైపు పూర్తిగా తిరిగాను. "ఎందుకు?" అన్నాను.

"నువ్వూ చూస్తివి గదా. మీ అమ్మకు జ్వరమొస్తే ఆ పిల్ల ఎట్ల వస్తాది?"

"విమానంలో వస్తాది."

"మంచు పడితే?"

"మంచు రోజూ పడదని చెప్తాండా గదా."

"జ్వరమూ రోజూ రాదు. రెండూ ఒగే రోజు వస్తే?"

నేను అరిచాను. అంతకు ముందు ఎప్పుడూ ఆమె మీద అరవలేదు. అబ్బాయి మంచివాడని నువ్వే అంటున్నావు, పిల్లకు ఇష్టమంటున్నది, రెండు గంటల దారికి బంగారంలాంటి సంబంధం పోగొడతావా అన్నాను. ఆమె అంతా విని, "గొంతు నొప్పి పుడతాది, ఊరుకో పాపా" అంది. తర్వాత ఇల్లు వచ్చేదాకా హాయిగా నిద్రపోయింది.

నాన్న, అక్క మాట దాటలేనన్నాడు. అమ్మ పైకి ఏమీ అనలేదు గానీ ఆమె మొహంలో ఊరట దాగలేదు. నేను నాన్నతో వాదించాను. నేను హెచ్‌ఎస్‌ఆర్ నుంచి రావడానికి ఒక్కోసారి ఆ విమానానికి పట్టినంత సేపూ పడుతోంది, అది దగ్గర, ఇది దూరమా అన్నాను. నాన్న పిండికట్టు వైపు చూసుకుంటూ, "అయినా నువ్వు ఈ ఊళ్ళోనే ఉండావు గదమ్మా" అన్నాడు. చెల్లెలు గదిలో కూర్చుని అంతా వింది. బయటికి రాలేదు. ఆ అబ్బాయికి కొన్నాళ్ళు ఆగమని మాత్రం చెప్పినట్టుంది.

ఆ ఆదివారం చెల్లెలు అత్త ఇంటికి వెళ్దామంది. ఏడ్చి బతిమాలుతుందేమోనని నేను తోడు వెళ్ళాను. అనపకాయల కాలం. అత్త నానబెట్టిన గింజలు ముందేసుకుని పితికినపప్పు చేస్తోంది. గింజను రెండు వేళ్ళ మధ్య నొక్కితే పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది, తొక్క చేతిలో మిగులుతుంది. మేమిద్దరం కూడా చెరో పక్క కూర్చుని పితకడం మొదలుపెట్టాం.

చెల్లెలు తల ఎత్తకుండా అంది. "అత్తా, నువ్వు చెప్పిందే నిజం. అక్క రెండు గంటలంటాది గానీ, రెండు గంటలు కాదు. పూటంతా పడతాది. దూరమే."

"అదే గదా నేననేది," అంది అత్త.

"నాకు అది దూరమనే కావాల."

అత్త చేతిలో గింజ అలాగే ఉండిపోయింది. నా చేతిలోదీ అంతే.

"ఏమంటాండావే?"

"నేను మధ్యాహ్నం ఏం తింటినో అమ్మ ఫోన్ చేసి కనుక్కుంటాది. బస్సు లేటైతే నాన్న గేటు దగ్గర నిలబడి ఉంటాడు. నాకు తలనొప్పని ల్యాబ్‌లో ఒకరితో అంటే, నేను ఇంటికొచ్చేలోగా నీకు తెలిసి ఉంటాది. నీ కూతురింట్లో చారు పలచనైతే ఊరంతా తెలస్తాది. నా ఇంట్లో చారు పలచనైతే అది నాకొక్కదానికే తెలియాలత్తా. అట్లాంటి ఊరు కావాల నాకు."

చెల్లెలు అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. గొంతు పెంచలేదు, ఏడవలేదు. ఒక్కో గింజా పితుకుతూనే చెప్పింది.

అత్త గిన్నె పక్కకు జరిపి, "మేమంటే అంత బేజారా పాపా?" అంది.

"బేజారు కాదు. ఇష్టమే. సొల్పు దూరం నుంచి."

నాకు ఎవరి మీద కోపం రావాలో తెలియలేదు. ఆ ఊరు దగ్గరే, దగ్గరే అని నేను ఇన్నాళ్ళూ గొంతు చించుకున్నాను. మంచులో, రోడ్ల మీద, కౌంటర్ల దగ్గర నిలబడ్డాను. ఎవరి కోసం ఇదంతా చేశానో ఆ పిల్లకు కావలసింది దూరమట. ఒక్క ముక్క ముందే నాతో చెప్పి ఉండొచ్చు కదా. ఇంటికి వచ్చేదారిలో అదే అడిగాను. "నువ్వు దగ్గరగా ఉండేదానివి గదక్కా, నీకు చెప్తే బాధపడతావని" అంది.

ఆ సాయంత్రం అత్త తనే మా ఇంటికి వచ్చి, గుమ్మంలో నిలబడే నాన్నతో, "ఇచ్చెయ్యప్పా" అంది.

"దూరమంటివి గదక్కా."

"దూరమే. ఆ పిల్లకు దూరమే కావాలంట."

అమ్మ ఏడ్చింది. కానీ పెళ్ళి జరిగింది. అత్త దగ్గరుండి అన్నీ చేయించింది. చెల్లెలు అక్కడే ఒక ల్యాబ్‌లో ఉద్యోగం చూసుకుంది. ఏడాదికోసారి వస్తుంది. వచ్చినప్పుడల్లా ఇంట్లో పండగలా ఉంటుంది. ఆదివారం దాని ఫోన్ వస్తే అమ్మ, నాన్న ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుంటారు.

అత్త ఆ తర్వాత మారిందని చెప్పాలి. సంబంధాలు చూడటం మానలేదు, ప్రశ్న మార్చింది. ఊరెంత దూరమని పెద్దవాళ్ళను అడగడం తగ్గించి, పిల్లనే పిలిపించుకుని, అందరి ముందరా "నీకెంత దూరం కావాల పాపా?" అని అడగడం మొదలుపెట్టింది. ఇది ఇంకా పెద్ద తలనొప్పి అయింది. ఒక పిల్ల రెండు బస్సులు మారే ఊరైతే చాలంది. ఇంకొక పిల్ల ఫోన్ సిగ్నల్ ఉండాలి, బస్సు మాత్రం ఉండకూడదంది. ఆ పిల్ల తండ్రి అక్కడికక్కడే లేచి వెళ్ళిపోయాడు. ఆడపిల్లలకు లేనిపోనివి నేర్పుతోందని కొన్ని ఇళ్ళవాళ్ళు ఆమెకు ఫోన్ చేయడం మానేశారు. ఆమెకు అదేమీ పట్టలేదు. ఉన్నవాళ్ళను అడుగుతూనే ఉంది.

నాన్నకు బీపీ మాత్రలు అయిపోయినా, అమ్మ మోకాలు పట్టేసినా, గ్యాస్ పొయ్యి వెలగకపోయినా ఫోన్ నాకే వస్తుంది. హోసూరు రోడ్డు మీద ఎన్ని సాయంత్రాలు గడిపానో. అత్త భర్త పోయాక ఆమె పనులూ నాకే వచ్చాయి. రెండు వీధుల అవతల కూతురు ఉంది గానీ, ఆమెతో ఆస్పత్రికి వెళ్తే దారిలోనే పోట్లాట అవుతుందని అత్తే వద్దనేది.

పోయిన వానాకాలంలో ఆమె కంటికి ఆపరేషన్ చేయించాను. కట్టు విప్పించుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టించి, ఇంటికి తీసుకొస్తున్నాను. వాన పడి ఎలక్ట్రానిక్ సిటీ ముందు బండ్లన్నీ నిలిచిపోయాయి. ఆఫీసులో ఆ నెలలో అది నా రెండో సెలవు. ఎందుకో ఇక ఆపుకోలేకపోయాను.

"అందర్నీ అడుగుతావు. నన్నెందుకు అడగలేదత్తా?"

"ఏమని?"

"ఎంత దూరం కావాలని."

ఆమె అద్దాల వెనక కళ్ళు ఎటు చూస్తున్నాయో తెలియలేదు. "నీ పెండ్లప్పుడు అట్ల అడగొచ్చని నాకేం తెలుసే," అంది.

"తర్వాత తెలిసింది గదా. ఇప్పుడడుగు."

ముందు బండి ఒక అడుగు జరిగింది, మేమూ ఒక అడుగు జరిగాం. అప్పుడంది. "అడగను పాపా. నువ్వు కూడా దూరమంటే మేమేం చేసేది? నీ చెల్లెల్ని పంపినాక నిన్ను అడిగేదానికి నాకు భయమాయె."

అందులో నవ్వులాట లేదు, బతిమాలడమూ లేదు. ఉన్నమాట అన్నట్టు చెప్పింది. నాకు కోపం వచ్చింది. ఆమె మీదా, ఆ రోడ్డు మీదా, సూరత్‌లో కూర్చుని ఆదివారాలు ఫోన్ చేసే దాని మీదా. అడిగితే నేనేం చెప్పి ఉండేదాన్నో నాకు తెలియదు. బహుశా ఈ దూరమే చాలనేదాన్నేమో. కానీ ఆ మాట నా నోటితో నేను అనాలి కదా.

ఇల్లు వచ్చాక చెయ్యి పట్టుకుని దించాను. ఆమె మెట్టు తడుముకుంటూ ఎక్కింది. మందు చుక్కలు రోజుకు ఎన్నిసార్లు వేసుకోవాలో, సీసా ఎలా పట్టుకోవాలో చెప్పబోయాను. ఆమె పూర్తిగా వినలేదు.

"నాకేం తెలస్తాది. నువ్వే వచ్చి వేస్తువులే," అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆఫీసు నుంచి నేరుగా వెళ్ళి వేశాను. ఆ తర్వాతి రోజూ వెళ్ళాను.